మందు దిగడానికి మందుందా?
పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు: బెంగళూరు

ప్రశ్న: శుక్రవారం పార్టీ అంటే చాలు, మా టీమ్‌లో అందరూ యాంటీ హ్యాంగోవర్ షాట్లు (తాగిన మర్నాటి తలనొప్పి, వికారం రాకుండా చేస్తాయంటూ అమ్మే చిన్న సాచెట్లు) ఆర్డర్ పెడుతున్నారు. పది నిమిషాల్లో చేతికొస్తాయి, ఒక్కోటి 150 రూపాయలు. ఇవి నిజంగా పనిచేస్తాయా? (మారతహళ్లి పాఠకుడు)

జవాబు: పనిచేస్తాయనడానికి గట్టి రుజువు ఇంతవరకు లేదండీ. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ఈ మాటే చెప్పింది. 2022లో అడిక్షన్ పత్రికలో వచ్చిన సమీక్ష 21 ప్రయోగాలను వడగట్టింది. లవంగాల సారం, ఎర్ర జిన్సెంగ్ వేరు, కొరియా పియర్ పండు రసం, ఇలా రకరకాలు. కొన్నిటిలో కాస్త తేడా కనబడింది గానీ ప్రయోగాలు చాలా నాసిరకం. పైగా ఏ రెండూ ఒకే సరుకును పరీక్షించలేదు. అంటే ఒకరు చూసినదాన్ని మరొకరు సరిచూసిందే లేదు.

అసలు ఇబ్బంది కాలేయం నడకలో ఉంది. గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌నే అది కరిగించగలదు. మన 30 ఎం.ఎల్. స్మాల్ పెగ్‌లో ఉండేది 10 గ్రాములు. 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు, 8 శాతం అనుకుంటే, 41 గ్రాములు. ‘బీరే కదా’ అనుకునేవాళ్లు గమనించండి, ఒక్క సీసా నాలుగు స్మాళ్లతో సమానం! ఈ నడకను ఏ షాటూ పరుగు చేయించినట్టు రుజువు కాలేదు. ఇక హ్యాంగోవర్ ముదిరేది ఒంట్లో ఆల్కహాల్ దాదాపు అయిపోయాక. అప్పటికి నిద్ర చెడి ఉంటుంది, కడుపు మండుతుంటుంది, ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, వాపు కలిగించే రసాయనాలు పెరిగి ఉంటాయి. ఇన్నిటికీ ఒక్క సాచెట్ ఎలా సరిపోతుంది?

సాచెట్ వెనక్కి తిప్పి చదవండి. డీహెచ్‌ఎం అని ఉంటే అది హోవేనియా అనే చెట్టు నుంచి వచ్చే డైహైడ్రోమైరిసెటిన్ అనే పదార్థం. ఎలుకల్లో బాగానే కనబడింది, కానీ నోటితో మింగితే రక్తంలోకి చేరేది బహు స్వల్పం. బొగ్గు మాత్రలు కొన్ని విషాలను పట్టి ఉంచుతాయి, ఆల్కహాల్‌ను మాత్రం సరిగా పట్టుకోలేవు. బి విటమిన్లు ఒక్క రాత్రిలో చేసేదేమీ లేదు. సప్లిమెంట్‌గా అమ్మేదైతే, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుతో పాటు ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ (మందుగా వాడేది కాదు) అన్న మాట కూడా ఉండాలి. ముందువైపు హామీలు పెద్దక్షరాల్లో, ఈ మాట వెనకవైపు చిన్నక్షరాల్లో! అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జులైలో ఇలా హ్యాంగోవర్ నయం చేస్తామని అమ్ముతున్న ఏడు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది.

‘నాకు పనిచేసింది’ అనే మిత్రుణ్ణి ఒక్కటి అడగండి: ఆ రాత్రి అన్నం తిన్నావా, మధ్యమధ్యలో నీళ్లు తాగావా, ఎన్ని పెగ్గులు? జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: మా ఆయన పార్టీ నుంచి రాగానే, తలనొప్పి రాకుండా ముందే పారాసిటమాల్ 650 వేసుకుని పడుకుంటారు. పరవాలేదా? (కె.ఆర్.పురం పాఠకురాలు)

జవాబు: ఆ అలవాటు మాన్పించండి అమ్మా. తలనొప్పి మొదలయ్యేసరికి బిళ్ల ప్రభావం చాలామటుకు తగ్గిపోతుంది, అందుకే ముందే వేసుకున్నా లాభం తక్కువ. పారాసిటమాల్ కాలేయంలో విరిగేటప్పుడు కొంత విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచేసేది కాలేయంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం. తరచూ తాగేవాళ్లలో విషం తయారీ ఎక్కువ, గ్లూటాథయోన్ నిల్వ తక్కువ. అలాంటివాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. జలుబు బిళ్లల్లో కూడా చాలావాటిలో ఇదే ఉంటుంది, తెలియకుండా రెట్టింపవుతుంది. ఐబుప్రోఫెన్, ఆస్ప్రిన్ అయితే అసలే మండుతున్న కడుపును ఇంకా గోకుతాయి.

వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటి నలుపు గానీ కనబడినా, లేపితే లేవకపోయినా, ఊపిరి మరీ మెల్లగా ఆడుతున్నా, చూపు మసకబారినా అది హ్యాంగోవర్ కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: తాగిన మర్నాడు ఏది మంచిది: కొబ్బరినీళ్లా, ఓఆర్‌ఎస్సా, మజ్జిగా? (బీటీఎం లేఅవుట్ పాఠకుడు)

జవాబు: ఉప్పేసిన పల్చని మజ్జిగ, ఇడ్లీ చాలు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా, సోడియం తక్కువగా ఉంటుంది కాబట్టి చిటికెడు ఉప్పు వేసుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు. ఓఆర్‌ఎస్ అయితే 20.5 గ్రాముల ప్యాకెట్‌ను నిండు లీటరు నీళ్లలో కలపాలి. చాలామంది మొత్తం ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో వంచేస్తారు. అంత చిక్కగా ఉంటే పేగుల్లోకి నీరు లాగి విరేచనం పట్టుకుంటుంది, వికారం పెరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి వేయండి. గుక్కగుక్కగా తాగాలి, గటగటా కాదు. దాహం, నీరసం తగ్గుతాయి. తలబరువు మాత్రం టైమ్ తీసుకుంటుంది.

ప్రశ్న: రాత్రి తొమ్మిది నుంచి రెండు స్ట్రాంగ్ బీర్లు, ఒక లార్జ్. పొద్దున ఏడింటికి షిఫ్ట్. షాట్ తాగి, స్నానం చేసి, ఫిల్టర్ కాఫీ పట్టిస్తే బండి తీయొచ్చా? (ఎలక్ట్రానిక్ సిటీ పాఠకుడు)

జవాబు: లెక్క వేద్దాం. రెండు బీర్లలో 82, లార్జ్‌లో (60 ఎం.ఎల్.) 20, మొత్తం 102 గ్రాముల ఆల్కహాల్. మీరు 70 కిలోల మగవారైతే 100 ఎం.ఎల్. రక్తంలో సుమారు 210 మిల్లీగ్రాములకు సమానం. గంటకు 15 చొప్పున తగ్గినా పది గంటలకు తగ్గేది 150, మిగిలేది 60. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం పరిమితి 30. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే బరువున్న ఆడవారికైతే లెక్క ఇంకా పైనే ఉంటుంది. కాఫీతో కళ్లు తెరుచుకుంటాయి, స్నానంతో ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో అంకె మాత్రం కదలదు. ఆ రోజు బండి తాళాలు ఇంట్లో పెట్టి యెల్లో లైన్ మెట్రో ఎక్కండి.