మేనరికం చేసుకున్నాం, పిల్లల కోసం ప్లాన్ చేసే ముందు జెనెటిక్ టెస్టులు అవసరమా?

అవసరమే అండి, అదీ ప్రెగ్నెన్సీ రాకముందే. మీ ఇంట్లో "మన వంశంలో అలాంటి జబ్బులు లేవు, టెస్టులెందుకు" అంటున్నారని రాశారు కదా, మా ఇంట్లోనూ అదే మాట. మాదీ మేనరికమే, మేనత్త కొడుకునే చేసుకున్నా.

నాకు ఇంటర్ నుంచీ హిమోగ్లోబిన్ 10 దాటేది కాదు. ఎవరికి చూపించినా రక్తం తక్కువ అని ఐరన్ మాత్రలు రాసేవాళ్లు, మాత్రలు మింగి, బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ అన్నీ తిన్నా ఏళ్ల తరబడి అక్కడే ఉండేది. పెళ్లయ్యాక ఒక డాక్టరమ్మ పాత రిపోర్టులన్నీ చూసి, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) ఇంత తక్కువ, 66 ఏంటమ్మా, ఐరన్ బాగానే ఉంది కదా అని హెచ్‌పీఎల్‌సీ అనే, హిమోగ్లోబిన్ రకాలు చూసే రక్త పరీక్ష రాశారు. హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 5.2 శాతం వచ్చింది, 3.5 దాటితే సాధారణంగా బీటా థలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) క్యారియర్, అంటే జబ్బు లేకుండా ఆ జీన్ మోసేవాళ్లం అట. బావకి చేయిస్తే ఆయనకీ 5 పైనే. ఇద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం, క్యారియర్లు మామూలుగానే తిరుగుతారు కాబట్టే వంశంలో ఎవరికీ అనుమానం రాలేదు, మా నాన్న, అత్త ఒక తల్లి పిల్లలు కదా, అదే జీన్ రెండు వైపులా దిగింది. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ 25 శాతం థలసీమియా మేజర్ ఛాన్స్, అంటే బిడ్డకి జీవితాంతం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మొదటి బిడ్డ బాగుంది కదా అని రెండోసారి ఆ ఛాన్స్ తగ్గదు.

ముందే అని ఎందుకంటున్నానంటే, కడుపులో బిడ్డకి పరీక్ష చెయ్యాలంటే ముందు మీ ఇద్దరిలో ఏ మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) ఉందో డీఎన్‌ఏ టెస్టులో తేలాలి, దానికి వారాలు పడుతుంది. నెల తప్పాక మొదలుపెడితే రోజులు లెక్కపెట్టుకోవడమే. మా రిపోర్ట్ చేతిలో ఉంది కాబట్టి 12వ వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే సీవీఎస్ టైమ్‌కి చేయించుకోగలిగాం. రిజల్ట్ వచ్చేదాకా నిద్ర లేదండి, బావ ఫోన్ మోగితే చాలు గుండె ఆగినంత పనయ్యేది. పాప మాలాగే క్యారియర్, ఇప్పుడు నాలుగేళ్లు, హాయిగా ఉంది.

భయపడకండి, మేనరికాల్లో చాలామంది పిల్లలు మామూలుగానే పుడతారు. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలు జంటల్లో 100కి 2, 3 ఉంటే బావామరదళ్లలో దాదాపు రెట్టింపు, మేనమామనే చేసుకుంటే ఇంకొంచెం ఎక్కువ.

వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి మూడు తరాలు అడగండి, పసిపిల్లలు ఎవరైనా పోయారా, చెవుడు, ఫిట్స్, ఎదుగుదల లేకపోవడం ఎవరికైనా ఉన్నాయా అని. మా నాన్నమ్మ అయితే "దిష్టి తగిలి పోయారు" అంటూ ఇద్దరు బిడ్డల సంగతి అప్పుడే చెప్పింది, అప్పటిదాకా ఎవరికీ తెలీదు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టండి. హైదరాబాద్ దగ్గరైతే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, మీ ఒక్కరివే కాకుండా మీవారి సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్ట్ కూడా పట్టుకెళ్లండి.