సౌండ్ సందేహాలు: బాక్సులు పెంచినా వెనక వరసకు మాట ఎందుకు అందదు?

ప్రశ్న: ఆర్.కె. బీచ్ ఇసుకలో సంగీత విభావరి పెడుతున్నాం. జనం 70 మీటర్ల దాకా కూర్చుంటారు. పోయినసారి ముందు వరసవాళ్లు చెవులు మూసుకున్నారు, వెనకవాళ్లకు మాట తెలియలేదు. పక్కకు రెండేసి టాప్ బాక్సులు (బేస్ కాక మిగతా స్వరాలు పలికేవి) పెంచమంటారా?
– నిర్వాహకుడు, పెదవాల్తేరు

జవాబు: వద్దు. మామూలు టాప్ బాక్సు శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. 5 మీటర్ల దగ్గర 105 ఉంటే 10 దగ్గర 99, 20 దగ్గర 93, 40 దగ్గర 87. పైగా తల ఎత్తులో స్టాండు మీద పెడితే ముందు వరస తలలే సగం ట్రెబుల్ (సన్నని స్వరాలు) మింగేస్తాయి. బాక్సులు పెంచితే ఈ తేడా తగ్గదు, అంతా కలిసి పైకి జరుగుతుందంతే. ఒకేవైపు చూసే రెండు బాక్సుల శబ్దాలు కాస్త ముందూ వెనకా చేరితే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కూడా.

ముందున్న బాక్సులనే ట్రస్ (లోహపు కడ్డీల చట్రం) మీద 5 మీటర్ల ఎత్తుకు ఎక్కించి, 30–35 మీటర్ల దగ్గరి జనం వైపు వంచండి. ముందువాళ్లు బాక్సులో ట్రెబుల్ పలికే హార్న్ సూటిగా కొట్టే దారిలోంచి తప్పుకుంటారు. వాళ్ల కోసం స్టేజీ అంచున రెండు చిన్న బాక్సులు, తక్కువ వాల్యూమ్‌లో. ఇసుకలో ట్రస్ కాళ్ల కింద వెడల్పాటి చెక్కలు వేసి, తాళ్లతో బిగించాకే బరువెక్కించండి.

మిగిలిన డబ్బుతో 40 మీటర్ల దగ్గర డిలే టవర్ (వెనకవాళ్ల కోసం శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలే బాక్సుల స్తంభం) పెట్టండి. 30 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు పోతుంది కాబట్టి 40 మీటర్లకు 115 మిల్లీసెకన్లు, టవర్ శబ్దాన్ని అంత ఆలస్యం చేయాలి. దానికి ఇంకో 10–15 కలిపితే పాట స్టేజీ మీంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. కొలత మెయిన్ బాక్సు నుంచి టవర్‌కే తీయండి, మిక్సర్ దగ్గర్నుంచి కాదు. చాలాచోట్ల తప్పేది ఇక్కడే. టవర్‌లో 120 హెర్ట్జ్ కింద కట్ చేయండి, బేస్ అక్కడ అక్కర్లేదు. రాత్రికి గాలి 6 డిగ్రీలు చల్లబడినా మారేది ఒక మిల్లీసెకను పైచిలుకు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

సాయంత్రం గాలి సముద్రం మీంచి వీస్తుంది. స్టేజీ వీపు సముద్రానికి ఉంటే గాలి పాటను జనం మీదికి మోసుకొస్తుంది. కాకపోతే అదే గాలి పాడేవాళ్ల మైకుల్లోనూ దూరుతుంది. ఫోమ్ టోపీలు తొడిగి, మిక్సర్‌లో 100 హెర్ట్జ్ లోకట్ (అంతకన్నా కింది స్వరాలను ఆపే బటన్) నొక్కండి.

ప్రశ్న: స్టేజీకి అటూ ఇటూ మూడేసి బేస్ బాక్సులు పెడితే నడిమధ్యన గుండె అదురుతోంది, నాలుగడుగులు పక్కకు జరిగితే బేసే లేదు. స్టేజీ మీద మృదంగం మైకు హోరెత్తుతోంది.
– సౌండ్ కుర్రాడు, గాజువాక

జవాబు: రెండు జబ్బులకూ కారణం అమరికే. 60 హెర్ట్జ్ అల పొడవు 5.8 మీటర్లు. రెండు గుట్టల నుంచి మీకున్న దూరాల్లో తేడా అందులో సగం, అంటే 2.9 మీటర్లు అయినచోట ఆ స్వరం చచ్చిపోతుంది. మధ్యలో తేడా సున్నా, అందుకే అక్కడ మోత.

ఆరింటినీ స్టేజీ ముందు ఒకే వరసలో పేర్చండి, బాక్సు మధ్య నుంచి బాక్సు మధ్యకు 1.5 మీటర్లు. అలా వదిలేస్తే బేస్ సూటిగా ముందుకే పోతుంది. రెండు చివర్ల బాక్సులకు 4 మిల్లీసెకన్లు, వాటి లోపలి జతకు 1.5 డిలే ఇస్తే పక్కలకూ పరుచుకుంటుంది. దీనికి ప్రాసెసర్‌లో (డిలేలు పెట్టే యంత్రంలో) మూడు వేర్వేరు అవుట్‌పుట్లు కావాలి.

హోరు తగ్గడానికి వేరే అమరిక ఉంది, కానీ లోతు చోటు కావాలి. రెండు ఒకేరకం బాక్సులు, రెండూ జనం వైపే చూస్తూ, ఒకదాని వెనక ఒకటి 1.45 మీటర్ల దూరంలో. వెనకదానికి పొలారిటీ తిప్పి (ప్లస్, మైనస్ తారుమారు చేసి), 4.2 మిల్లీసెకన్ల డిలే. ముందు బాక్సు నుంచి స్టేజీ వైపు వచ్చే అలను వెనకది సరిగ్గా ఆ క్షణంలోనే ఎదురు కొట్టి చంపుతుంది. జనం వైపు మాత్రం 60 హెర్ట్జ్ దగ్గర రెండూ కలిసిపోతాయి. పొలారిటీ తిప్పి డిలే మరిస్తే లాభం లేదు. సరిచూసుకోవడం తేలికే: బేస్ ట్రాక్ ఒకటి పెట్టి మృదంగం కూర్చునే చోటికి వెళ్లి, వెనక బాక్సును మ్యూట్ చేసి తీయండి. మ్యూట్ తీసినప్పుడు అక్కడ హోరు తగ్గాలి. పెరిగిందంటే సెట్టింగులు ముందు బాక్సుకు ఇచ్చినట్టే.

ప్రశ్న: ఒక చానల్‌కు నాలుగు 8 ఓమ్స్ బాక్సులు తగిలిస్తే ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) ప్రొటెక్ట్ లైటు వెలుగుతోంది. – మద్దిలపాలెం

జవాబు: నాలుగూ పారలల్‌లో కలిస్తే 2 ఓమ్స్. చాలా ఆంప్‌లు దీన్ని ఎక్కువసేపు తట్టుకోలేవు. చానల్‌కు రెండే పెట్టండి. 30 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నిరోధం రానూపోనూ 0.42 ఓమ్. 2 ఓమ్స్ లోడు మీద ఆంప్ పవర్‌లో దాదాపు ఆరో వంతు వైరులోనే వేడిగా పోతుంది. ఆంప్ ర్యాక్‌ను స్టేజీ పక్కకే జరపండి.

ప్రశ్న: రాత్రి ఎంతదాకా వాయించవచ్చు? – ఎంవీపీ కాలనీ

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 దాకానే, అదీ రాతపూర్వక అనుమతితో. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా పండుగలకు 12 దాకా సడలించవచ్చు. సభాస్థలం హద్దు దగ్గర ఆ ప్రాంత ప్రమాణానికి 10 డెసిబెల్స్ పైన గానీ, 75 గానీ, ఏది తక్కువైతే అదే పరిమితి. ఇళ్ల మధ్య పగటి ప్రమాణం 55, కాబట్టి మీకు 65. రాత్రి నేల చల్లబడ్డాక శబ్దం వంగి దూరపు ఇళ్ల మీద పడుతుంది, అందుకే తొమ్మిదిన్నర దాటాక హద్దు దగ్గర మీటరు పట్టి ఇంకోసారి కొలవండి.