ఐదు ఏపీ క్లాసులు తీసుకుంటానంటున్న అమ్ములుకి

అమ్ములూ,

పదకొండో తరగతిలో ఐదు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులు, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువులు, తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాల్క్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ, కెమిస్ట్రీ, యూఎస్ హిస్టరీ, ఇంగ్లిష్ లాంగ్వేజ్. మన ఇంటి పిల్లకి ఇంత ధైర్యం ఉందని గర్వంగానే ఉంది, కానీ ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. మనబడిలో తెలుగు బాగా నేర్చుకున్నావు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. మీ అమ్మకి కూడా చదివి వినిపించు.

మేము ఎంసెట్ ర్యాంకుల కాలంలో పెరిగాం. ఆ ఒక్క అంకె వింటే చాలు, ఎవరికి ఎక్కడ సీటొస్తుందో ఊరంతా చెప్పేసేది. అందుకే ఏపీ పరీక్షలో 5 (1 నుంచి 5 దాకా ఇచ్చే స్కోర్లలో అన్నిటికన్నా పైది) అనగానే మీ అమ్మకి అది ర్యాంకులా వినిపిస్తోంది. ఇక్కడ అమెరికాలో లెక్క వేరు. కాలేజీ అడ్మిషన్ వాళ్ళు ముందు చూసేది ట్రాన్స్‌క్రిప్ట్, అంటే స్కూలు ఇచ్చే క్లాసుల, గ్రేడ్ల పట్టిక. మీ స్కూల్లో దొరికేవాటిలో ఎంత కష్టమైన క్లాసులు తీసుకున్నావు, వాటిలో ఏ గ్రేడ్లు తెచ్చుకున్నావు అన్నదే ముఖ్యం. మే నెల పరీక్షలో వచ్చే స్కోరు ఆ గ్రేడ్‌కి సాక్ష్యం పలుకుతుంది. మంచి స్కోరుంటే నమ్మకం పెరుగుతుంది, అంతే. ఐదు 5లు తెచ్చుకుని క్లాసు గ్రేడ్లు ఏ నుంచి బీకి జారిపోతే నీకే నష్టం.

అలాగని స్కోర్లకి విలువే లేదనుకోకు. యేల్ యూనివర్సిటీ 2024లో పద్ధతి మార్చి, శాట్ (కాలేజీ ప్రవేశాలకి రాసే పరీక్ష) బదులు ఏపీ స్కోర్లు ఇచ్చినా చాలంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు శాట్ చూడటం మానేశాయి గానీ, ఏపీ స్కోర్లు ఉంటే చూస్తాయి. నీ అప్లికేషన్‌లోకి ఎక్కేవి మాత్రం పదకొండో తరగతి దాకా రాసిన పరీక్షలే. పన్నెండులో మే నెలలో రాసేవాటి స్కోర్లు జూలైలో వస్తాయి, అప్పటికి సీట్ల సంగతి తేలిపోయి ఉంటుంది. అవి క్రెడిట్ కోసమే, అంటే కాలేజీలో ఆ కోర్సు మళ్ళీ చదవకుండా పూర్తయినట్టు లెక్క వేయించుకోవడానికే.

ఆ క్రెడిట్ దగ్గరే మీ అన్నయ్య దెబ్బ తిన్నాడు. నీకు సగం కథే తెలుసు. పదకొండు అయిపోయాక, జూలైలో ఒక పొద్దున వంటింటి గట్టు దగ్గర నిలబడి ఫోన్లో స్కోర్లు తెరిచాడు. యూఎస్ హిస్టరీలో 3. పెనం మీద దోసె మాడిపోతోంది, వాడు కదలడు, మెదలడు. 3 కనిపిస్తే అప్లికేషన్ పక్కన పడేస్తారని ఎవరో స్నేహితుడు చెప్పాడట. మాకెవరికీ చెప్పకుండా ఫారం నింపి, సంతకం పెట్టి, ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్‌కి పంపి ఆ స్కోరు క్యాన్సిల్ చేయించేశాడు. క్యాన్సిల్ చేయిస్తే ఇక అంతే, మళ్ళీ తెచ్చుకోలేం. కట్టిన ఫీజూ వెనక్కి రాదు. అసలు ఆ అవసరమే లేదు. చాలా కాలేజీలకి కలిపి ఒకేచోట నింపే అప్లికేషన్ కామన్ యాప్‌లో, ఏ స్కోర్లు రాయాలో మామూలుగా మన ఇష్టమే. మరీ భయమైతే ఫలానా కాలేజీకి ఆ స్కోరు వెళ్ళకుండా ఆపించుకోవచ్చు, తర్వాత కావాలంటే విడిపించుకోవచ్చు కూడా.

చివరికి వాడు చేరింది టెక్సాస్‌లోనే, ప్రభుత్వ యూనివర్సిటీలో. 2015లో చేసిన చట్టం ప్రకారం ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3కి కూడా క్రెడిట్ ఇవ్వాలి. పైగా ఇక్కడ ఏ మేజర్ వాళ్ళైనా ఆరు క్రెడిట్ అవర్ల అమెరికన్ హిస్టరీ పూర్తిచేసి తీరాలి. ఇంజనీరింగ్ ల్యాబుల మధ్య, డబ్బు కట్టి, అదే అంతర్యుద్ధం మళ్ళీ చదివాడు పిచ్చి నాయన. ఎందుకు చెప్పలేదురా అంటే "నువ్వు తిడతావని" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నీకు 2 వచ్చినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. తిట్టను.

క్రెడిట్ అన్నిచోట్లా ఒకేలా ఇవ్వరు. ఎంఐటీ కాల్క్యులస్ బీసీలో 5కి ఇస్తుంది, కాల్‌టెక్ దేనికీ ఇవ్వదు. నువ్వు అప్లై చేసే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో చూసుకో.

ఇక నా అసలు భయం. నీకు లైసెన్స్ వచ్చిందట. రాత్రి రెండింటిదాకా నైటౌట్లు చేసి, పొద్దున్నే ఆ హైవే మీద స్టీరింగ్ పట్టుకుంటే ఎలా తల్లీ? నిద్రలేకుండా కారెక్కావని తెలిస్తే ఊరుకోను. ఐదు 5లు తెచ్చినా సరే ఊరుకోను. పరీక్షలున్న వారాల్లో మీ నాన్ననే దింపమను.

ఫిజిక్స్ సీ పన్నెండుకి వాయిదా వెయ్యి. అప్పటికి కాల్క్యులస్ చేతిలో ఉంటుంది కాబట్టి తేలిక. స్కోరు ఆలస్యంగా వచ్చినా, ఆ క్లాసు తీసుకుంటున్నావని అప్లికేషన్‌లో కనిపిస్తుంది, సగం ఏడాది గ్రేడ్లు కౌన్సెలర్ పంపుతారు. శనివారాలు లైబ్రరీలో చిన్నపిల్లలకి లెక్కలు చెప్తున్నావు చూడు, అది మాత్రం మానకు. అక్కడ నీ మొహం ఎంత వెలిగిపోతుందో నేను చూశాను.

కోర్సులు మార్చుకోవడానికి గడువెప్పుడో ఈ వారంలోనే కౌన్సెలర్‌ని కనుక్కో. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, ఏమన్నారో చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ