డాక్టర్ అవుదామనుకుని మెడికల్ కోడింగ్‌లో చేరాను... ఇదేనా నా కెరీర్?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. బైపీసీ తర్వాత రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను. ఫ్రెండ్ చెబితే చెన్నైలో ఒక మెడికల్ కోడింగ్ కంపెనీలో చేరాను. ఏడాదిన్నర అయింది. వేళచ్చేరిలో హాస్టల్‌లో ఉంటున్నాను. పని బాగానే చేస్తున్నాను కానీ ఇది నేను అనుకున్న దారి కాదు. ఏఐ వస్తే ఈ ఉద్యోగాలు పోతాయంటున్నారు. నాన్నేమో బీఈడీ చేయమంటున్నారు. ఐదేళ్ల తర్వాత ఏమైపోతానో అని ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ‘పని బాగానే చేస్తున్నాను’ అని రాసి, ఆ వెంటనే ‘కానీ’ అనేశారు. నేను ముందు మీరు దాటేసిన ఆ మాట గురించే మాట్లాడతాను.

డాక్టర్ రాసిన చార్ట్ చదివి, రోగికి ఏమైంది, ఏ చికిత్స జరిగింది, ఏది అసలు జబ్బు, ఏది దానివల్ల వచ్చిన ఇబ్బంది అని తేల్చి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం వాటికి కోడ్లు వేయడం చిన్న పని కాదు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లోని అవయవాలను దెబ్బతీసే స్థితి) కేసు వస్తే, కారణం ఏ బ్యాక్టీరియానో దాన్నిబట్టి కోడ్ మారుతుంది. అక్కడ మీ మైక్రోబయాలజీ పనికొస్తుంది. నీట్ కోసం చదివిన శరీర నిర్మాణం రోజూ పనికొస్తుంది. ఆ చదువంతా వృథా అయిందని మీకు అనిపిస్తోంది గానీ, రోజుకు ఎనిమిది గంటలు మీరు దాన్నే వాడుతున్నారు.

అనుకోకుండా దొరికిన పని తక్కువ పని అనే భావన మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. పదో తరగతిలోనే గమ్యం చెప్పేయాలి, దానికే కట్టుబడాలి అంటాం. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ క్రంబోల్ట్జ్ దీనికి భిన్నంగా ఆలోచించారు. ఎవరి కెరీర్‌లోనైనా అనుకోని సంఘటనలు వస్తూనే ఉంటాయని, వాటిని అవకాశాలుగా మలుచుకోవడం నేర్చుకోవచ్చని 1999లో తన సహచరులతో కలిసి రాశారు. ఆసక్తి, పట్టుదల, మార్పుకు సర్దుకునే గుణం, ఆశాభావం, కాస్త తెగువ. ఇవి ఉంటే చాలన్నారు.

మీరున్న ఊళ్లోనే ఇలాంటి కథ ఒకటి నడిచింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఇంజినీర్ కావాలని అనంతపురంలో కాలేజీలో చేరారు. టైఫాయిడ్ వచ్చి అది ఆగిపోయింది. మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజినీరింగ్ కోర్సులో చేరి, ఒకపక్క చదువుతూనే పాటల పోటీల్లో పాడేవారు. 1966లో సంగీత దర్శకుడు కోదండపాణి గారు ఆయనతో తొలి సినిమా పాట పాడించారు. అంతటి గొంతు అందరికీ ఉండదు, నిజమే. అయినా అనుకున్న చదువు ఆగిపోయిన రోజుల్లో ఆయన పాడటం మానలేదన్నది మనందరికీ పనికొచ్చే విషయం.

ఇక ఏఐ. మీ భయంలో నిజం ఉంది, కొట్టిపారేయను. ఒకే రకంగా వచ్చే తేలిక చార్టులను సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చూస్తోంది, ఇకముందు ఇంకా చూస్తుంది. ప్రొడక్షన్ టార్గెట్ మాత్రమే చూసుకుని అలాంటి చార్టులే చేస్తూ కూర్చుంటే ఇబ్బందే. అయితే ఈ రంగం ఇంతకుముందూ ఒకసారి తలకిందులైంది. మన దగ్గర జరిగే కోడింగ్ ఎక్కువగా అమెరికా ఆసుపత్రులదే. 2015 అక్టోబర్ 1న అమెరికా ఐసీడీ-9 అనే జబ్బుల కోడ్ల పట్టిక నుంచి ఐసీడీ-10కు మారినప్పుడు, ఆ కోడ్లు సుమారు 14 వేల నుంచి 70 వేల దాకా పెరిగాయి. పాత కోడ్లు బట్టీ పట్టినవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. శరీరం గురించి, జబ్బుల గురించి అర్థం చేసుకుని పనిచేసినవాళ్లకు ఆ మార్పు తేలికైంది. ఈసారి కూడా అంతే జరుగుతుందని నా నమ్మకం. అందుకే మీ టీఎల్‌ని (టీమ్ లీడర్‌ని) అడిగి సర్జరీ కోడింగ్ గానీ, ఐపీ-డీఆర్‌జీ (ఆసుపత్రిలో చేరిన రోగుల కేసుల కోడింగ్) గానీ, డినయల్స్ (తిరస్కరించిన క్లెయిమ్‌లు) గానీ నేర్చుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఎందుకు తిప్పి పంపిందో కనిపెట్టడం, సాఫ్ట్‌వేర్ వేసిన కోడ్ తప్పో ఒప్పో తేల్చడం మనిషి బుర్రతో చేయాల్సిన పని. మెడికల్ కోడర్లకు ఇచ్చే సీపీసీ సర్టిఫికేషన్ ఇంకా లేకపోతే ఈ ఏడాదే రాసేయండి. వంద ప్రశ్నలు, నాలుగు గంటలు. రెండుసార్లు నీట్‌కు కూర్చున్న మీకు ఆ పరీక్ష కొత్తగా అనిపించదు.

కోడింగ్ దాటి చూడాలనుకుంటే చెన్నైలోనే రెండు దారులున్నాయి. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు చదివి ఉంటే చాలు, బైపీసీ వాళ్లూ చేరవచ్చు. నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయాలి. నడుమ డిప్లొమా దగ్గర ఆగిపోయే వీలు కూడా ఉంది. రెండోది ప్రజారోగ్యం. జబ్బులు ఎక్కడ, ఎందుకు పెరుగుతున్నాయో అధ్యయనం చేసే ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ ఈ నగరంలోనే ఉంది. ఆరోగ్య పరిశోధన మీద వాళ్లు రూపొందించిన ఆన్‌లైన్ కోర్సు ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఉంది, పాఠాలకు ఫీజు లేదు. ముందు అది విని చూడండి. నచ్చకపోతే మానేయండి, పోయేదేమీ లేదు.

బీఈడీ మంచి చదువే. కానీ పాఠం చెప్పాలన్న ఇష్టం మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనిపించలేదు. అలాంటి ఇష్టం ఉంటే మీ కంపెనీలోనే కొత్త బ్యాచ్‌లకు ట్రైనింగ్ ఇచ్చే అవకాశం అడిగి చూడండి. నీట్ సంగతికొస్తే, 2022లో గరిష్ఠ వయసు పరిమితి తీసేశారు కాబట్టి ఆ తలుపు మూసుకుపోలేదు. మళ్లీ రాయాలా వద్దా అన్నది ఒక తేదీ పెట్టుకుని తేల్చేయండి. తేల్చకుండా వదిలేసిన ఆ ప్రశ్నే రాత్రిళ్లు మిమ్మల్ని ఎక్కువగా లేపుతోందని నా అనుమానం.

నిద్ర గురించి. దిగులు పడొద్దని చెబితే దిగులు పోదు. 1983లో థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఒక పద్ధతి పరీక్షించారు. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంట కూర్చుని అప్పుడే దిగులు పడాలి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే, ఆ అరగంటకు వాయిదా వేసుకోవాలి. అలా చేసినవాళ్లకు ఆందోళన తగ్గింది. మీరు షిఫ్ట్ అయ్యాక సాయంత్రం ఒక నోట్‌బుక్‌తో కూర్చోండి, మంచం మీద మాత్రం వద్దు. ఐదేళ్ల తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. వచ్చే ఆరు నెలల్లో ఏం నేర్చుకోవాలన్న దానికి మీ దగ్గరే ఉంది, అది రాయండి. రెండు మూడు వారాలైనా నిద్ర ఇలాగే ఉంటే 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడానికి మొహమాటపడకండి తల్లీ.

ఈ ఆదివారం ఇంటికి వెళ్తే నాన్నగారిని కూర్చోబెట్టి మీరు చేసే పనేంటో చెప్పండి. రోగుల చార్టులు బయట చూపకూడదు కాబట్టి, ట్రైనింగ్ పుస్తకంలోని కేసు ఒకటి తీసుకుని జబ్బు ఎలా గుర్తిస్తారో, కోడ్ ఎలా వేస్తారో వివరించండి. ‘కంప్యూటర్ ముందు ఏదో నంబర్లు కొడుతుంది’ అని మాత్రమే ఆయనకు తెలిసి ఉంటే, బీఈడీ చేయమనడంలో ఆయన తప్పేమీ లేదు.