చిట్టి డబ్బుతో కెమెరా సామాను: ఏది కంపెనీది కొనాలి, ఏది బయటిది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. పెళ్లి ఫొటోలు తీస్తాను. ఏడాదికి పాతిక పెళ్లిళ్ల దాకా వస్తాయి. ఒక్కోదానికి సగటున 55 వేలు తీసుకుంటాను. 2021లో కొన్న సోనీ ఏ7 త్రీ కెమెరా, దాంతో వచ్చిన 28-70 లెన్సు ఉన్నాయి. రెండు లక్షల చిట్టి ఈ నెల పాడుకున్నాను, 1,74,000 చేతికి వస్తోంది. ఇంకా పదకొండు వాయిదాలు ఉన్నాయి, డివిడెండు పోను నెలకు తొమ్మిది వేల దాకా పడుతోంది. విజయవాడలో ఒక షాపులో అడిగితే అన్నీ సోనీవే అయితే లెన్సు 1,78,000, ఫ్లాష్ 34,000, రెండు బ్యాటరీలు 13,000, రెండు కార్డులు 30,000, మొత్తం 2,55,000 అన్నారు. తగ్గిన డబ్బుకు ఈఎంఐ పెట్టుకోమన్నారు. బయటి కంపెనీలవైతే ట్యామ్రాన్ లెన్సు 72,000, గోడాక్స్ ఫ్లాష్ 16,500, చార్జరుతో కలిపి రెండు బ్యాటరీలు 3,200, పేరు తెలియని కార్డులు రెండు 3,600, వెరసి 95,300. ఒరిజినల్ వాడకపోతే కెమెరా వారంటీ పోతుందని షాపాయన భయపెడుతున్నారు. ఒరిజినల్ కొంటే ట్యాక్సులో తగ్గించుకోవచ్చని కూడా అన్నారు. నా దగ్గర పనిచేసే కుర్రాడేమో ‘అన్నా, పేరుకే తేడా’ అంటున్నాడు. మా బావమరిది దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చిట్టి సంగతి తేలుద్దాం. చేతికి వచ్చేది 1,74,000 అయినా అదంతా మీ సొమ్ము కాదు. పదకొండు వాయిదాలు, నెలకు తొమ్మిది వేలు అంటే ఇంకా 99,000 మీరు కట్టాలి. పాడుకున్న చిట్టి అప్పు కిందే లెక్క. ఇక మిగిలిన 75 వేలే మీరు ఇన్నాళ్లూ దాచుకున్నది. దీని మీద షాపాయన చెప్పిన ఈఎంఐ కూడా తగిలిస్తే నెలకు రెండు వాయిదాలు కట్టాల్సి వస్తుంది. మీ రాబడి చూస్తే ముహూర్తాల మీద నడిచేది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పుష్యంలో ఉండవు, మధ్యలో మూఢం వస్తే వరసగా వారాల తరబడి కెమెరా బ్యాగు అటక మీదే. వాయిదా మాత్రం ఆగదు. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా సరే, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు చూపించే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మామూలుగా మీ నెత్తినే పడతాయి. అందుకని ఈఎంఐ వద్దు. ఆ మాట పక్కన పెట్టేసి మిగతాది చూద్దాం.

షాపాయన అన్నీ ఒరిజినల్ అంటున్నారు, మీ కుర్రాడు అన్నీ బయటివే అంటున్నాడు. ఇద్దరూ నాలుగు వస్తువులనీ ఒకే గాటన కడుతున్నారు. నేనైతే ఒక్కో వస్తువుకీ రెండు ప్రశ్నలు వేస్తాను. ఇది చెడిపోతే తనతోపాటు ఇంకేం పోతుంది? ఒరిజినల్‌కూ దీనికీ ఉన్న తేడాను పెళ్లిళ్ల లెక్కన పంచితే పెళ్లికి ఎంత పడుతుంది?

బ్యాటరీలతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ కక్కుర్తి పడేది అక్కడే. ఒరిజినల్‌కూ బయటివాటికీ తేడా 9,800 రూపాయలు. మూడేళ్లు వాడతారనుకుంటే 75 పెళ్లిళ్లు. పెళ్లికి 130 రూపాయలు. మీ టీమ్ టీ ఖర్చు అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ 130కి మీరు కాపాడుకునేది ఏమిటో చూడండి. బ్యాటరీ కెమెరా లోపల కూర్చునే వస్తువు. మే నెలలో షామియానా కింద గంటల తరబడి నడిచి, అది లోపలే ఉబ్బిందనుకోండి, బయటికి రాదు. లాగితే తలుపు విరుగుతుంది, లాగకపోతే కెమెరా పనిచేయదు. ఇదంతా జరగడానికి తెల్లవారుజాము ముహూర్తం కంటే చెడ్డ సమయం ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టించే క్షణాన్ని ‘ఇంకోసారి పెట్టండి’ అని అడగలేం కదా.

మీ కెమెరాకు వచ్చే ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ 7.2 వోల్టులు, 2280 ఎంఏహెచ్. కెమెరాతో మాట్లాడే చిప్పు అందులో ఉంటుంది కాబట్టే తెర మీద శాతం సరిగ్గా కనిపిస్తుంది. బయటి బ్యాటరీల్లో చాలావాటితో ఈ శాతమే నమ్మలేం. 40 చూపించి, పది నిమిషాల్లో కెమెరా ఆగిపోయిన అనుభవం మీ తోటి ఫొటోగ్రాఫర్లలో ఎవరినడిగినా చెబుతారు. కెమెరా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక బయటి బ్యాటరీని అది ఒప్పుకోకపోవడం కూడా జరుగుతుంది. అదే సైజులో 3000 ఎంఏహెచ్ అని రాసి అమ్మేవాటిని అసలు ముట్టుకోకండి.

ఎప్పుడైనా తప్పనిసరై బయటిది కొనాల్సి వస్తే, బ్యాటరీ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అని, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. నంబరు లేకపోయినా, ఇంకెవరి పేరో వచ్చినా షాపు కౌంటరు మీదే వదిలేసి రండి.

ఇక వారంటీ బెదిరింపు. బయటి వస్తువు వాడినంత మాత్రాన వారంటీ మొత్తం ఎగిరిపోదు. ఆ వస్తువు వల్ల జరిగిన నష్టానికి మాత్రం తాము బాధ్యులం కామని సాధారణంగా కంపెనీల షరతుల్లో ఉంటుంది. అయినా మీరు కెమెరా కొన్నది 2021లో. వారంటీ ఏనాడో అయిపోయింది, ఆ భయం మీకు అక్కర్లేదు. అయితే అందులోనే ఒక చిక్కు ఉంది. ఇప్పుడు లోపల ఏం పాడైనా ప్రతి రూపాయీ మీ జేబులోంచే పోవాలి. 9,800 మిగుల్చుకుందామని చూస్తే అసలుకే ఎసరు వస్తుంది. రెండు బ్యాటరీలూ ఒరిజినలే కొనండి.

మెమరీ కార్డుల దగ్గర లెక్క తిరగబడుతుంది. షాపాయన చెప్పిన 15 వేల కార్డు మీ కెమెరాకు దండగ. ఏ7 త్రీలో 4కే వీడియో గరిష్ఠంగా సెకనుకు 100 మెగాబిట్లు రాస్తుంది. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. వి30 అని ముద్ర ఉన్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది, రెట్టింపు కంటే ఎక్కువే. పైగా మీ కెమెరాలో రెండో స్లాటు యూహెచ్‌ఎస్-1 రకం, అంటే వేగం తక్కువది. వి30 కంటే ఎంతో వేగమైన వి90 కార్డు తెచ్చి అందులో పెట్టినా దాని వేగం అక్కడ పనికిరాదు. వరసగా ఫొటోలు దంచేవారికి మొదటి స్లాటులో వేగమైన కార్డు కొంత సాయం చేస్తుంది, కాదనను. పెళ్లి మండపంలో దాని అవసరం తక్కువ.

అలాగని 1,800 పెట్టి పేరు తెలియని కార్డు కొనకండి. కార్డు పోతే దానితోపాటు పోయేది పెళ్లే. సాన్‌డిస్క్, లెక్సార్, కింగ్‌స్టన్, శాంసంగ్ లాంటి కంపెనీల 128 జీబీ వి30 కార్డులు రెండు తీసుకోండి. ధరలు ఊగుతుంటాయి కాబట్టి రెండింటికీ కలిపి ఆరు వేలు పక్కన పెట్టుకోండి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది నకిలీ సరుకుతో. పెద్ద కంపెనీ పేరుతోనే నకిలీ కార్డులు విపరీతంగా తిరుగుతున్నాయి. పైన 128 అని ఉంటుంది, లోపల 32 ఉంటుంది. అది నిండేదాకా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ తరువాత తీసినవి తెరుచుకోవు. కొన్న రోజే కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డును చివరిదాకా నింపి చూడండి. కాస్త సమయం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. తేడా వస్తే బిల్లు పట్టుకుని వెళ్లి మార్చమనండి, మార్చనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కెమెరా మెనూలో రెండు కార్డుల మీదా ఒకేసారి రాసేలా పెట్టుకోవడం మర్చిపోకండి. కార్డు కంపెనీ వారంటీ కింద కొత్త కార్డు ఇస్తుంది, ఫొటోలు తెచ్చి ఇవ్వదు.

పెద్ద మొత్తం లెన్సుది. తేడా 1,06,000. నాలుగేళ్లు, వంద పెళ్లిళ్లు అనుకుంటే పెళ్లికి 1,060 రూపాయలు. ఆ లెన్సు ఉందని మీ 55 వేల ప్యాకేజీకి ఎవరైనా వెయ్యి ఎక్కువ ఇస్తారా? మీ గిరాకీలో అడిగేది ఆల్బమ్ షీట్లు ఎన్ని, డ్రోన్ ఉందా, రీల్స్ ఎప్పుడిస్తారు అని. సోనీ లెన్సుకు సెకండ్ హ్యాండ్‌లో మంచి ధర పలుకుతుంది, నిజమే. దానికోసం లక్ష రూపాయలు, అందులోనూ అప్పు చేసిన లక్ష, నాలుగేళ్లు కట్టేసుకోవడం నాకు నచ్చదు.

ట్యామ్రాన్ అంటే డూప్లికేట్ అని మీ కస్టమర్లు అనుకోవచ్చు గానీ మీరు అనుకోకండి. సోనీ 2011లోనే తన ఈ-మౌంట్, అంటే కెమెరాకు లెన్సు తగిలించే అమరిక, ప్రాథమిక వివరాలను ఇతర లెన్సు కంపెనీలకు ఇచ్చింది. ట్యామ్రాన్‌లో సోనీకి వాటా కూడా ఉంది. బయటి లెన్సు పెడితే సోనీ కెమెరాలు సెకనుకు 15 ఫొటోలకు మించి తీయనివ్వవు. మీ ఏ7 త్రీ తీసేదే పది కాబట్టి మీకు పోయేదేమీ లేదు. మీ ఇప్పటి లెన్సు 70 దగ్గర ఎఫ్5.6 దాకా మూసుకుపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). ట్యామ్రాన్ 28-75 ఎఫ్2.8 అంటే అదే చోట నాలుగు రెట్ల వెలుతురు, 6400 ఐఎస్ఓ (వెలుతురును కెమెరా పెంచి చూపే స్థాయి) పెట్టే చోట 1600 సరిపోతుంది. ఈ మార్పు ఫొటోలో కంటికి కనిపిస్తుంది. ట్యామ్రాన్ నుంచి సోనీ ఖరీదైన లెన్సు 24-70 జీఎంకు వెళ్తే వచ్చే మార్పు మీకు కనిపిస్తుంది, పెళ్లివారికి కనిపించదు. ఒక్క లోటు మాత్రం ఒప్పుకోవాలి, 24 దగ్గర దొరికే వెడల్పు 28లో రాదు. పెళ్లికూతుర్ని చేసే ఇరుకు గదిలో అది తెలుస్తుంది. అయితే మీరు ఇన్నేళ్లూ 28తోనే నెట్టుకొచ్చారు.

కొనే ముందు అదే లెన్సును ఒక పెళ్లికి అద్దెకు తెచ్చి వాడండి. షాపులో గోడకు గురిపెట్టి చూస్తే ఏమీ తెలియదు. కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్ కెమెరాలు ఉన్న పాఠకులు ఈ సలహాను యథాతథంగా తీసుకోకండి. 2024లో సిగ్మా, ట్యామ్రాన్ ప్రకటించిన ఆర్‌ఎఫ్ లెన్సులు చిన్న సెన్సరు కెమెరాల కోసం చేసినవి. పెద్ద సెన్సరు, అంటే ఫుల్ ఫ్రేమ్, కెమెరాల వాళ్లకు అంత వెసులుబాటు లేదు.

ఫ్లాష్ గురించి ఎక్కువ చెప్పను, గోడాక్స్ తీసుకోండి. చెడిపోయినా కెమెరా పైన చెడిపోయే వస్తువు, తీసి పక్కన పెట్టి ఇంకోటి తగిలించవచ్చు. వి860 త్రీ మోడల్ అయితే లిథియం బ్యాటరీతో నడుస్తుంది, నాలుగు పెన్సిల్ సెల్లులు మార్చుకుంటూ కూర్చునే బాధ ఉండదు. సోనీ కోసం చేసిన ఎస్ రకమే అడగండి. కానన్ రకం అంటగడితే మీ కెమెరా మీద సరిగా పనిచేయదు. ఇక ముందు కొనే లైట్లు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ కూడా అదే కంపెనీవి ఉండాలని గుర్తుంచుకోండి, ఎందుకంటే ఒకరి రేడియో సిగ్నల్ ఇంకొకరికి అర్థం కాదు.

ట్యాక్సు మాట. మీ ఏడాది రాబడి 14 లక్షల లోపే, సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. రిజిస్ట్రేషన్ లేకపోతే కొన్నదాని మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. రాబడిలో ఇంత శాతం లాభమని, అంటే డిజిటల్ చెల్లింపుల మీద కనీసం 6, నగదు మీద 8 చొప్పున చూపించి రిటర్ను వేస్తుంటే, లెన్సు ఖరీదును విడిగా తగ్గించుకునే వీలుండదు. ఏ పద్ధతిలో వేస్తున్నారో మీ ఆడిటరును అడగండి. ఆయన చెప్పేదాకా ‘ట్యాక్సులో పోతుంది’ అన్న మాటను ధరలో తగ్గింపుగా లెక్కపెట్టకండి.

మొత్తం చూస్తే లెన్సు 72,000, ఫ్లాష్ 16,500, ఒరిజినల్ బ్యాటరీలు 13,000, కార్డులు 6,000, కలిపి 1,07,500. చేతిలో 66,500 మిగులుతాయి. వాటిని వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి, ఏడు చిట్టి వాయిదాలు అందులోంచి వెళ్లిపోతాయి. మిగిలిన నాలుగు పెళ్లిళ్ల డబ్బుతో కట్టుకోవచ్చు. బ్యాటరీలు, కార్డులు ఈ వారమే కొనండి. ఫ్లాష్ తరువాతి ముహూర్తాల లోపు. లెన్సు, అద్దెకు వాడి చూశాకే.

బావమరిదిని లెన్సు, ఫ్లాష్ తెమ్మనకండి. వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం, ఇక్కడి సర్వీసు సెంటరులో ఆ బిల్లు చూపిస్తే డబ్బులు కట్టమంటారు. విమానాశ్రయంలో ఉచిత పరిమితి దాటితే సుంకం కూడా పడుతుంది. అంత అభిమానంగా అడుగుతున్నాడు కాబట్టి ఫిల్టర్లు, లైట్ స్టాండు, మంచి కెమెరా బ్యాగు చెప్పండి. అదనంగా ఒరిజినల్ బ్యాటరీలు అక్కడ చౌకగా దొరికి తెస్తానంటే సరేననండి, కానీ విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తెచ్చుకోవాలని ముందే ఫోన్ చేసి చెప్పండి.