మూడు రోజుల జ్యూస్ ఒకేసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనకు 52 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. క్యారెట్, బీట్‌రూట్, కీరా, సొరకాయ కలిపి జ్యూస్ చేసి ఇస్తున్నాను. రోజూ పొద్దున్నే కూర్చుని చేయడానికి టైం చాలక, ఆదివారం మూడు రోజులకు సరిపడా చేసి ప్లాస్టిక్ బాటిళ్లలో పోసి ఫ్రిజ్ డోర్‌లో పెడుతున్నాను. ఆయన ఏడింటికి రేణిగుంట బస్సెక్కి, పదకొండింటికి ఆఫీసులో తాగుతారు. మొన్న మూడో రోజు బాటిల్ మూత తిప్పగానే సోడాలా బుస్సుమందట, పుల్లటి వాసన కూడా వచ్చిందట. ‘ఇడ్లీ పిండి పులిస్తే తినడం లేదా’ అని తాగేశారు. ఏమీ కాలేదు. నిమ్మరసం పిండితే ఎక్కువ రోజులు నిల్వ ఉంటుందా? మా అత్తకు 74 ఏళ్లు, కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందన్నారు. ఆమెకూ అర గ్లాసు ఇస్తున్నాను. పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, బుస్సుమన్న బాటిల్‌ను ఇకమీదట రుచి కూడా చూడకండి. నేరుగా సింక్‌లో పారబోయండి. మీ ఆయనకు ఈసారి ఏమీ కాలేదు, సంతోషం. వచ్చేసారి కూడా కాదని చెప్పలేం.

ఇడ్లీ పిండి పోలిక నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా చెబుతుంటారు. పిండి పులిశాక మనం దాన్ని ఆవిరి మీద ఉడికించి తింటాం. జ్యూస్ పచ్చిగా తాగుతాం. తేడా అక్కడే ఉంది. క్యారెట్, బీట్‌రూట్ మట్టిలో ఊరే దుంపలు. ఎంత కడిగినా తొక్క మీది గీతల్లో కాస్త మట్టి, దాంతోపాటు సూక్ష్మజీవులు మిగులుతాయి. దుంప దుంపగా ఉన్నంతసేపు అవి పైపైనే ఉంటాయి. మిక్సీలో పడగానే తియ్యటి రసమంతా కలిసిపోతాయి. ఆ తీపిని తిని గ్యాస్ వదులుతాయి. మూత తియ్యగానే వచ్చిన బుస్సు అదే. ఫ్రిజ్ ఈ పనిని నెమ్మది చేస్తుందే కానీ ఆపదు.

అన్ని రసాలూ ఒకటి కావు. నిమ్మ, బత్తాయి పులుపు కాబట్టి సూక్ష్మజీవులకు అంత సులువుగా లొంగవు. క్యారెట్, బీట్‌రూట్, కీరా, సొరకాయల్లో ఆ పులుపు లేదు. పుల్లదనాన్ని పీహెచ్ అనే లెక్కలో చెబుతారు, పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అది 4.6 కంటే తక్కువుంటే ప్రమాదకరమైన కొన్ని బ్యాక్టీరియాలు పెరగలేవు. క్యారెట్ రసంలో అది 6 దగ్గర ఉంటుంది. ఒకటి రెండు చెక్కల నిమ్మరసం పిండితే రంగు నల్లబడడం తగ్గుతుంది, రుచి బాగుంటుంది. కానీ లీటరు రసాన్ని 4.6 కిందికి దించేంత పులుపు అందులోంచి వచ్చిందో లేదో ఇంట్లో తెలుసుకునే దారి లేదు. అందుకని పిండండి, కానీ దాన్ని నమ్ముకుని ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచకండి. ఉప్పు సంగతీ అంతే. పైగా మీ ఇంట్లో బీపీ ఉంది, ఉప్పు అసలే వద్దు.

‘వాసన చూస్తే తెలుస్తుంది కదా’ అంటారు. అన్నిసార్లూ తెలియదు. 2006లో అమెరికాలో సీసాల్లో అమ్మే క్యారెట్ జ్యూస్‌ను సరిగా చల్లగా ఉంచకపోవడంతో అందులో ఒక రకం బ్యాక్టీరియా వదిలే బాట్యులిజం విషం తయారై, తాగినవాళ్లకు కండరాలు చచ్చుబడి, శ్వాస కోసం వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. ఆ విషం రంగులో, వాసనలో పట్టుబడాలని లేదు. ఇది చాలా అరుదు, టెన్షన్ పడకండి. మన దగ్గర నేను ఎక్కువగా చూసేవి వాంతులు, విరేచనాలే. షుగర్ ఉన్నవాళ్లకు అవి రెండు రోజులు పట్టుకుంటే చాలు, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీల మీద భారం పడుతుంది.

ఇక ఎన్ని గంటలు? ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, అంతకంటే తక్కువ చల్లదనం ఉంటే 24 గంటల్లోపు తాగేయమంటాను. 48 గంటలకు మించి ఉంచనే వద్దు. డోర్ అరలు ఫ్రిజ్‌లో అన్నిటికంటే వేడి చోటు. పాల కోసం, పెరుగు కోసం తలుపు తీసిన ప్రతిసారీ బయటి వేడి మొదట తగిలేది అక్కడే. బాటిల్‌ను లోపలి అరలో, వెనకవైపు పెట్టండి. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అంతకంటే ఎక్కువసేపు పోతే ఆ జ్యూస్ వదిలేయండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ నాలుగు గంటల బస్సు, ఆఫీసు. బయట వేడి 32 డిగ్రీలు దాటితే పచ్చి జ్యూస్ బయట గంటకు మించి ఉండకూడదు. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. బస్సులో ఒళ్లో పెట్టుకున్న బ్యాగులో బాటిల్ ఎంత వెచ్చబడుతుందో చెప్పక్కర్లేదు. ఆదివారం చేసినదైనా, ఆ పొద్దున చేసినదైనా అలా మోసుకెళ్లొద్దు. ఇంట్లోనే తాగి బయల్దేరమనండి. పదకొండింటికి ఆకలేస్తే కోయని కీరా కాయ ఒకటి కడిగి బాక్సులో పెట్టండి, అక్కడే కొరికి తినొచ్చు.

పొద్దున టైం లేదన్నారు, అది నిజమే. టిఫిన్, క్యారియర్, అత్తగారి మాత్రలు అన్నీ ఆ గంటలోనే. అందుకే రసం బదులు ముక్కలు నిల్వ పెట్టుకోండి. రాత్రి క్యారెట్, బీట్‌రూట్ నల్లా కింద పారే నీళ్లలో రుద్ది కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసి, గుడ్డతో తడి అద్ది మూత గట్టిగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున మిక్సీలో వేసి తిప్పడం ఐదు నిమిషాల పని. అదీ కుదరకపోతే రసం తీసిన వెంటనే ఐస్ ట్రేల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. కావలసిన నాలుగు గడ్డలు రాత్రి గిన్నెలో వేసి ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి, వంటగట్టు మీద కాదు. సీసాలో గడ్డ కట్టిస్తే పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి, లేకపోతే పగులుతుంది. ఒకరోజుకు ఫ్రిజ్‌లో పెట్టేదైతే మాత్రం గాజు సీసాలో మూత దాకా నిండుగా పోయండి. గాలి ఎంత తక్కువుంటే రంగు, విటమిన్ సి అంత నిలుస్తాయి. పిప్పి అడుగుకు దిగి పైన నీళ్లు తేలితే భయపడకండి, అది చెడిపోవడం కాదు, కదిపి తాగొచ్చు.

ఒక్కసారి మీ మిక్సీ జార్ తిరగేసి, బ్లేడ్ విప్పి, కింద ఉన్న రబ్బరు వాషర్ తీసి చూడండి. నారింజ రంగు పిప్పి దాని అంచున ఇరుక్కుని నల్లగా మారి ఉంటుంది, ముట్టుకుంటే జిగురు. బాటిల్ మూతలోని రింగు కిందా అంతే. పైన ఎంత తోమినా రేపటి జ్యూస్‌లోకి నిన్నటి పులుపు అక్కణ్ణుంచే వస్తుంది. రెండూ విప్పి సబ్బునీళ్లతో తోమి ఆరబెట్టండి. కడిగినా వాసన పోని పాత ప్లాస్టిక్ బాటిళ్లు పారేయండి.

సొరకాయ గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. కోసిన ప్రతి సొరకాయ నుంచి చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూసి ఉమ్మేయండి. చేదుగా ఉంటే కాయంతా పారేయండి, జ్యూస్‌కే కాదు, కూరకు కూడా వద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం, ఉడికించినా పోదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ జ్యూస్ తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణులు కూడా చేదుంటే తాగొద్దనే చెప్పారు. దీనికి విరుగుడు మందు లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక టీచర్, చేదని తెలిసీ పారబోయడం ఇష్టంలేక గ్లాసు పూర్తి చేశారు. అరగంటలో రక్తపు వాంతులు, బీపీ పడిపోయింది. మూడు రోజులు ఐసీయూలో ఉంచాం. కాకరకాయతో కలిపి మాత్రం ఎప్పుడూ చేయకండి, ఏ చేదు దేనిదో తెలియదు. తాగాక కడుపునొప్పి, వాంతి మొదలైతే ఇంట్లో మజ్జిగ ఇస్తూ చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీ ఆయన షుగర్‌కు జ్యూస్ కంటే కూర మేలు. పిప్పి వడకట్టేస్తే పీచు పోతుంది, తీపి మిగులుతుంది. మూడు క్యారెట్లు నమిలి తినడానికి పావుగంట, తాగడానికి పది సెకన్లు. తాగిన రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌లో చూసుకోమనండి, ఆ నంబరే ఆయనకు చెబుతుంది. మానలేకపోతే వడకట్టకుండా చిన్న గ్లాసు, క్యారెట్, బీట్‌రూట్ తగ్గించి కీరా పెంచండి. బీట్‌రూట్ తాగిన రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారు వద్దు. జ్యూస్ తాగుతున్నామని బీపీ మాత్ర ఆపొద్దు.

అత్తగారికి మాత్రం ఈరోజు నుంచే ఆపేయండి. క్రియాటినిన్ పెరిగినవాళ్లలో కిడ్నీలు పొటాషియంను సరిగా బయటికి పంపలేవు, క్యారెట్, బీట్‌రూట్ రసంలో అది చాలా ఉంటుంది. రక్తంలో ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ముందు సీరం పొటాషియం పరీక్ష చేయించి, ఆమె వాడే బీపీ మాత్రల చీటీతో సహా మీ డాక్టరుకు చూపించండి. ఆమెకు ఏ కూరగాయ ఎంత పెట్టాలో వాళ్లు చెబుతారు.
– జనరల్ ఫిజీషియన్, తిరుపతి