రొమ్ము ఇంప్లాంట్లను స్కాన్‌కీ రేడియేషన్‌కీ అడ్డు రాకుండా తయారు చేయలేరా?

మీ అమ్మగారికి రొమ్ము తీసేసిన చోట ముందు ఎక్స్‌పాండర్ (అసలు ఇంప్లాంట్‌కి చోటు కోసం కొద్దికొద్దిగా నింపుతూ చర్మాన్ని సాగదీసే సంచి) పెడతామన్నారు, తర్వాత రేడియేషన్ అన్నారు, అది ఉన్నన్నాళ్లు ఎంఆర్‌ఐ కుదరదన్నారు. ఇవన్నీ పడేలా ఒకటి చేయలేరా అని మీ ప్రశ్న. చేయగలరు, చేశారు కూడా. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, వీటిని డిజైన్ చేసేవాళ్లు ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చి అక్కడే ఆగిపోతారు. మా గది దాకా ఎవరూ రారు.

మాది రేడియేషన్ ప్లానింగ్ గది. నేను హైదరాబాద్‌లో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. డాక్టర్‌ని కాదు. ఎన్నిసార్లు చెప్పినా చుట్టాల పెళ్లిళ్లలో నన్ను బీపీ మాత్రల గురించే అడుగుతారు. డోసు ఎంతో, ఎక్కడో డాక్టరు చెబుతారు. కిరణాలు ఏ కోణం నుంచి ఎంతసేపు పడాలో మేం లెక్క కడతాం.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. వేరే ఊళ్లో ఆపరేషన్ చేయించుకుని రేడియేషన్‌కి మా దగ్గరికి వచ్చారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఇంప్లాంట్ పెట్టడమైనది’ అని ఒక్క ముక్క ఉంది. ఏ కంపెనీదో, ఏ రకమో లేదు. రేడియేషన్ లెక్కల కోసం సీటీ స్కాన్ తీస్తే ఎడమవైపు తెల్లటి ముద్ద, దాని చుట్టూ నలుపు తెలుపు చారలు, భూచక్రం తిరుగుతుంటే ఫొటో తీసినట్టు. అది ఎక్స్‌పాండర్ లోపలి అయస్కాంతం.

చర్మం కింద పోర్టు, అంటే సంచిలోకి సూది గుచ్చే మూత, ఎక్కడుందో తెలిస్తేనే సర్జన్ సూది గుచ్చి సెలైన్ ఎక్కించగలరు. అందుకని పోర్టులో చిన్నదే అయినా చాలా బలమైన అయస్కాంతం పెడతారు. పైనుంచి ఇంకో అయస్కాంతాన్ని ఆడిస్తే చోటు ఇట్టే దొరుకుతుంది. గురి తప్పితే సంచికి చిల్లు పడుతుంది కాబట్టి అంతవరకు న్యాయమే. కానీ సీటీలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది, ఆ అంకెల్ని నమ్ముకునే మా కంప్యూటర్ డోసు లెక్క కడుతుంది. చారలు పడ్డ చోట అవన్నీ అబద్ధాలే. పైగా మామూలు సీటీ స్కేలు 3071 దగ్గర ఆగిపోతుంది, లోహం ఎంత చిక్కనిదైనా అంతకు మించి చూపించదు. ఇక మేమే ఆ ముద్ద చుట్టూ గీత గీసి, ‘ఇది ఫలానా లోహం, ఈ చారలున్న చోట నిజానికి ఉన్నది సెలైన్, ఇక్కడ కండ’ అని కంప్యూటర్‌కి చెప్పాలి. ఫలానా లోహం అనాలంటే మోడల్ తెలియాలి కదా.

ఆమె భర్త ఆ ఆస్పత్రికి ఫోన్ మీద ఫోన్ చేశారు. రికార్డుల సెక్షన్ వాళ్లు సర్జన్ గారిని అడగమన్నారు. సర్జన్ గారి అసిస్టెంట్ రికార్డుల్లో అడగమన్నారు. చివరికి మోడల్ నంబరున్న స్టిక్కర్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫైల్లో దొరికింది! మనిషి ఒంట్లో ఏం పెట్టారో ఆ మనిషికిచ్చిన కాగితంలో లేదు, డబ్బులిచ్చే కంపెనీకి మాత్రం బార్‌కోడ్‌తో సహా పంపారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈలోగా ఇంకో విషయం బయటపడింది. నడుంనొప్పి ఉందంటే ఎవరో ఆమెకు ఎంఆర్‌ఐ రాశారు. ‘ఒంట్లో లోహం ఉందా’ అన్న చోట ఆమె ‘లేదు’ అని టిక్ పెట్టి, ఫారం ఫైల్లో ఉంచుకున్నారు. “ఉప్పునీళ్ల సంచి అన్నారు సార్, అయస్కాంతం అని ఎవరూ చెప్పలేదు” అన్నారు. ఆమెకెలా తెలుస్తుంది? తెలియక ఎంఆర్‌ఐలోకి వెళ్లి రెండువైపులా పోర్టులు ఊడిపోయిన కేసు 2001లోనే వైద్య పత్రికలో వచ్చింది. మేం ఆపించాం. డాక్టరు బోన్ స్కాన్‌తో సరిపెట్టారు, నొప్పి అరుగుదల వల్లేనని తేలింది. రేడియేషన్ కూడా సవ్యంగానే అయింది. కిరణాలు అయస్కాంతం గుండా వెళ్తే దాని వెనక డోసు తగ్గిపోతుంది కాబట్టి పక్కనుంచి వెళ్లేలా కోణాలు మార్చాం. చివరి సిట్టింగ్ దాకా సెలైన్ ముట్టుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పాం. మధ్యలో సర్జన్ కాస్త ఎక్కించినా, తీసినా మా ప్లాన్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక డిజైన్ల సంగతి. 2016లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఏరోఫార్మ్ అనే ఎక్స్‌పాండర్‌కి అనుమతిచ్చింది. సూది లేదు, సెలైన్ లేదు, పేషెంటే రిమోట్ నొక్కితే లోపల కార్బన్ డయాక్సైడ్ నిండేది. సర్జన్‌కీ పేషెంట్‌కీ హాయి. మాకేమో లోపల లోహపు సీసా, దాని చుట్టూ గ్యాస్. ఎంఆర్‌ఐ దాంతోనూ కుదిరేది కాదు. థియేటర్ దగ్గర ఆగిపోతారన్నది ఇందుకే. 2023లో అక్కడ అనుమతి వచ్చిన మోటివా ఫ్లోరాలో మాత్రం అయస్కాంతమే తీసేశారు. కారు ఫాస్టాగ్‌లో ఉండే ఆర్‌ఎఫ్‌ఐడీ టెక్నాలజీతోనే పోర్టును వెతుకుతారు. కొన్ని షరతులతో ఎంఆర్‌ఐ చేయొచ్చు.

నన్నడిగితే అంత హంగామా కూడా అక్కర్లేదు. అల్ట్రాసౌండ్ మిషన్ లేని పెద్దాస్పత్రి ఉందా? పోర్టుని దాంతో వెతకలేరా? ఈ మాటంటే నా సర్జన్ స్నేహితుడు “ఓపీ నిండా జనం ఉంటారు, నువ్వొచ్చి ప్రోబ్ పట్టుకుంటావా?” అన్నాడు. నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను.

ఎక్స్‌పాండర్ తీసి చివర్లో పెట్టే సిలికాన్ ఇంప్లాంట్‌తో ఈ గొడవ లేదు, అందులో అయస్కాంతం ఉండదు. పైగా లోపల చిరిగిందేమో చూడ్డానికి 5-6 ఏళ్లకు మొదటిసారి, ఆపైన 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో చేయించుకోమని ఎఫ్‌డీఏనే చెబుతుంది. కాకపోతే రేడియేషన్ తగిలితే ఇంప్లాంట్ చుట్టూ శరీరం అల్లుకునే పొర బిగుసుకుని గట్టిపడే ప్రమాదం పెరుగుతుంది. అయస్కాంతం తీసేసినంత మాత్రాన అది పోదు. అందుకే కొందరు డాక్టర్లు పొట్ట దగ్గరి చర్మం, కొవ్వుతో రొమ్ము చేద్దామంటారు. అది పెద్ద ఆపరేషన్, మీ అమ్మగారి ఆరోగ్యాన్ని బట్టి డాక్టర్లే చెప్పాలి.

మీరు చేయాల్సింది ఆపరేషన్‌కి ముందే ఉంది. సర్జన్‌నీ రేడియేషన్ డాక్టర్‌నీ ఒకరితో ఒకరు మాట్లాడుకోమని పట్టుబట్టండి. అయస్కాంతం లేనిది తెప్పించగలరేమో అడగండి. ఏది పెట్టినా దాని స్టిక్కర్ ఒకటి డిశ్చార్జ్ సమ్మరీ మీద అంటించమనండి. పెట్టెలో ఒకటికి మించే వస్తాయి, ఇన్సూరెన్స్ ఫైలుకి పోగా మీకూ ఒకటి మిగులుతుంది.